రెండు దేశాల ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం మీరే లెక్కేసుకోవడం ఎలా? (హైదరాబాద్–దుబాయ్–డాలస్ ఉదాహరణతో)

"టికెట్ మీద ఉదయం పదింటికి బయల్దేరి పన్నెండుంబావుకి దుబాయ్‌లో దిగుతుందని ఉంది. అంటే రెండుంబావు గంటలేనా?" "ఒక సైట్‌లో దూరం 1,580 అని ఉంది, ఇంకోదాంట్లో 2,550 అని ఉంది. ఏది నిజం?" "అమ్మానాన్నల్ని డాలస్ పిలిపిస్తున్నాం, మొత్తం ఎన్ని గంటలు కూర్చోవాలి?" ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి, ఒకసారి కూర్చుని మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. దూరం వేరు, విమానంలో గడిపే సమయం వేరు, మన ఇంటి గడప దాటి అవతలి ఇంటి గడప తొక్కేదాకా పట్టే సమయం వేరు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తోంది. దూరం కనుక్కోవడం చాలా తేలిక. తప్పులన్నీ జరిగేది టైము దగ్గరే. అందుకే ఈ రాతలో ఎక్కువ భాగం టైము గురించే ఉంటుంది.

కావలసినవి

- బయల్దేరే ఎయిర్‌పోర్ట్, మధ్యలో మారే ఎయిర్‌పోర్ట్, చివర దిగే ఎయిర్‌పోర్ట్: మూడింటి మూడక్షరాల కోడ్‌లు
- టికెట్, లేదా టికెట్ కొనేముందు చూసిన టైములు
- ప్రయాణం చేసే తేదీ (ఇది లేకుండా లెక్క కుదరదు, ఎందుకో 5వ మెట్టులో చెప్తాను)
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్, ఒక కాగితం, పెన్ను

కాగితం ఎందుకని అనుకోకండి. టైములు నోటి లెక్కతో వేస్తేనే తప్పులు దొర్లుతాయి.

1. సరైన ఎయిర్‌పోర్ట్‌నే పట్టుకున్నారా చూసుకోండి

ఊరి పేరుతో వెతకకండి, కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడి. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ ఉంది, దానికీ ఎయిర్‌పోర్ట్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. దూరం చెప్పే కొన్ని సైట్లలో "హైదరాబాద్" అని టైప్ చేస్తే రెండూ కనిపిస్తాయి. తొందరలో పైన ఉన్నదాన్ని నొక్కితే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది.

దుబాయ్‌లో కూడా రెండు ఉన్నాయి. ఎక్కువమంది వాడేది దుబాయ్ ఇంటర్నేషనల్, కోడ్ డీఎక్స్‌బీ. ఇంకోటి ఊరికి దక్షిణంగా ఉన్న అల్ మక్తూమ్, కోడ్ డీడబ్ల్యూసీ. పక్కనే ఉన్న షార్జాకి వేరే కోడ్. డాలస్‌కి వెళ్లేవాళ్లు దిగేది డీఎఫ్‌డబ్ల్యూలో. ఊళ్లోనే ఉన్న లవ్ ఫీల్డ్ దేశీయ విమానాలకు పరిమితం. న్యూయార్క్ వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. జేఎఫ్‌కే ఒకటి, లగార్డియా ఒకటి, నెవార్క్ ఒకటి. నెవార్క్ అసలు న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంది. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి అదే దగ్గర.

హెచ్చరిక: ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఉంది, అమెరికాలో అలబామా రాష్ట్రంలోనూ బర్మింగ్‌హామ్ ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలోనూ ఉంది, కోస్టారికా రాజధాని పేరూ అదే. టికెట్ కొనేముందు కోడ్ పక్కన దేశం పేరు కూడా చదవండి.

2. దూరం కనుక్కోండి

మూడు దారులున్నాయి. మీకు ఏది తేలికైతే అది.

మొదటిది, గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి సైట్‌లో రెండు కోడ్‌లూ మధ్యలో అడ్డగీత పెట్టి ఇవ్వడం. దూరం వచ్చేస్తుంది, దారి గీత కూడా మ్యాప్ మీద కనిపిస్తుంది.

రెండోది, ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కిపట్టండి, ఎర్ర పిన్ పడుతుంది. కింద వచ్చిన పట్టీని పైకి జరిపితే దూరం కొలిచే "మెజర్ డిస్టెన్స్" కనిపిస్తుంది. దాన్ని నొక్కి, మ్యాప్‌ను దుబాయ్ ఎయిర్‌పోర్ట్ దాకా జరిపితే కింద కిలోమీటర్లు కనిపిస్తాయి. "డైరెక్షన్స్" మాత్రం నొక్కకండి, అది రోడ్డు దారి వెతుకుతుంది.

మూడోది కాగితం మీద లెక్క. పిల్లలున్న ఇంట్లో ఇది సరదాగా ఉంటుంది. శంషాబాద్ సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దుబాయ్ 25.25, 55.36 దగ్గర. అక్షాంశాల తేడా సుమారు 8 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 890 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా సుమారు 23 డిగ్రీలు. దీన్ని 111తో గుణించి, రెండు అక్షాంశాల సగటు 21.25 డిగ్రీల కొసైన్ విలువ 0.932తో మళ్లీ గుణిస్తే 2,386 వస్తుంది. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 2,546 కిలోమీటర్లు. సైట్లు చెప్పేది కూడా అటూఇటూగా 2,550.

కానీ ఈ కాగితం లెక్క గల్ఫ్ దేశాలు, శ్రీలంక, సింగపూర్ లాంటి దగ్గరి దూరాలకే. డాలస్‌కి ఇదే పద్ధతి వాడితే సుమారు 17,700 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం సుమారు 14,400 మాత్రమే! మూడు వేల కిలోమీటర్ల పైన తప్పు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దూరం పెరిగే కొద్దీ ఈ లెక్క చెడిపోతుంది. హైదరాబాద్, డాలస్ దాదాపు ఒకదానికొకటి భూగోళానికి అవతలి రేఖాంశాల మీద ఉన్నాయి. వాటి మధ్య అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. గోడ మీద మ్యాప్ చూసి యూరప్ మీదుగా అడ్డంగా గీత గీస్తే అది తెలియదు.

ఇంట్లో గ్లోబు ఉంటే దారం పెట్టి చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారం 6 సెంటీమీటర్లు, డాలస్‌కి సుమారు 34. దారాన్ని బిగుతుగా లాగితే అది తనంతట తానే ధ్రువం వైపు జరుగుతుంది.

3. యూనిట్ చూడండి

1,580, 2,550 రెండూ నిజమే. మొదటిది మైళ్లు, రెండోది కిలోమీటర్లు. పైలట్లు, విమానయాన లెక్కలు వాడే నాటికల్ మైళ్లలో అయితే అదే దూరం సుమారు 1,375. ఒక మైలు 1.609 కిలోమీటర్లు, ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

రెండు సైట్ల మధ్య ఐదారు కిలోమీటర్ల తేడా ఉంటే కంగారుపడకండి. భూమి పూర్తి గోళం కాదు, ఒక్కొక్కరు ఒక్కో కొలత వాడతారు. వందల్లో తేడా వస్తే మాత్రం యూనిట్ అన్నా తప్పయి ఉండాలి, ఎయిర్‌పోర్ట్ అన్నా తప్పయి ఉండాలి.

4. విమాన సమయం అంచనా వేయండి

దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని 850తో భాగించండి. వచ్చిన గంటలకు 40 నిమిషాలు కలపండి. ఆ 40 నిమిషాలు రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి లేవడానికి, నెమ్మదిగా దిగడానికి.

- హైదరాబాద్–దుబాయ్: 2,550 కిలోమీటర్లు, 3 గంటల 40 నిమిషాలు
- దుబాయ్–డాలస్: సుమారు 12,900 కిలోమీటర్లు, దాదాపు 15 గంటల 50 నిమిషాలు
- హైదరాబాద్–లండన్ హీత్రూ: సుమారు 7,750 కిలోమీటర్లు, దాదాపు 9 గంటల 50 నిమిషాలు

ఇవి జెట్ విమానాలకే. మన ఊళ్ల మధ్య తిరిగే చిన్న ఏటీఆర్ విమానాలు ఇంకా నెమ్మది.

ఈ అంచనా అసలు టైముతో అచ్చంగా కలవదు. పెద్ద కారణం గాలి. మన అక్షాంశాలకు ఉత్తరాన, బాగా ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంటుంది. చలికాలంలో అది ఇంకా జోరు. అందుకే పడమరకి వెళ్లేటప్పుడు ఎక్కువ టైము, తిరిగొచ్చేటప్పుడు తక్కువ. దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు పట్టే దారి, డాలస్ నుంచి దుబాయ్‌కి 14న్నర గంటలకు అటూఇటూగా పూర్తవుతుంది. గల్ఫ్ ప్రయాణంలో ఈ తేడా తక్కువే కాబట్టి పెద్దగా తెలియదు.

రెండో కారణం మూసేసిన గగనతలాలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా విమానాలకు రష్యా మీది దారి మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చి గంట, కొన్నిసార్లు అంతకు మించి ఎక్కువ పట్టింది. అందుకని పాత టికెట్ చూసి "మొన్న ఇంతే పట్టిందిగా" అనుకోకండి.

5. టైములన్నీ ఒకే గడియారంలోకి మార్చండి

అసలు మెట్టు ఇదే. మిగతావి కంగారుగా చదివినా ఇది మాత్రం నిదానంగా చదవండి.

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరి టైమే. బయల్దేరే టైము హైదరాబాద్‌ది, దిగే టైము దుబాయ్‌ది. రెండింటినీ నేరుగా తీసివేస్తే తప్పు లెక్కే వస్తుంది. అన్నింటినీ భారత కాలమానంలోకి మార్చి, ఆ తర్వాత తీసివేయండి.

మనకంటే ఎవరు ఎంత వెనక, ఎంత ముందు:

- దుబాయ్, అబుదాబి, మస్కట్: గంటన్నర వెనక
- దోహా, కువైట్, రియాద్: రెండున్నర గంటలు వెనక
- లండన్: చలికాలంలో ఐదున్నర, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక
- డాలస్: చలికాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర గంటలు వెనక
- సింగపూర్: రెండున్నర గంటలు ముందు
- సిడ్నీ, మెల్‌బోర్న్: నాలుగున్నర గంటలు ముందు, వాళ్ల వేసవిలో ఐదున్నర

ప్రయాణ తేదీ ఎందుకు కావాలంటే ఇందుకే. మనమూ గల్ఫ్ దేశాలూ గడియారాలు మార్చం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఆస్ట్రేలియాలో ఆ రెండు నగరాల్లో దీనికి తలకిందులుగా, అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా. సరిగ్గా ఆ వారాల్లో ప్రయాణం ఉంటే ఫోన్‌లోని వరల్డ్ క్లాక్‌ను నమ్ముకోకండి, అది ఈరోజు తేడా చూపిస్తుంది. మీకు కావలసింది ప్రయాణం రోజు తేడా.

జనవరిలో ప్రయాణం, టికెట్ మీద ఇలా ఉందనుకోండి:

హైదరాబాద్ ఉదయం 10:00 – దుబాయ్ మధ్యాహ్నం 12:15
దుబాయ్ మధ్యాహ్నం 2:45 – డాలస్ రాత్రి 9:00

చూడగానే పదకొండు గంటల ప్రయాణంలా ఉంది. ఇప్పుడు మార్చండి. దుబాయ్ 12:15కి గంటన్నర కలిపితే మన టైము 1:45. అంటే మొదటి విమానం 3 గంటల 45 నిమిషాలు. మన 4వ మెట్టు అంచనాకి దగ్గరగా ఉంది, బాగుంది. దుబాయ్‌లో ఆగేది రెండున్నర గంటలు; ఒకే ఊరు కాబట్టి నేరుగా తీసివేయొచ్చు. డాలస్ రాత్రి 9:00కి పదకొండున్నర గంటలు కలిపితే మన టైము మర్నాడు ఉదయం 8:30. ముందురోజు ఉదయం పది నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా మొత్తం 22 గంటల 30 నిమిషాలు. ముక్కలు కూడి చూడండి: 3:45, 2:30, 16:15 కలిపితే 22:30. రెండు వైపుల నుంచీ అదే జవాబు వచ్చింది, లెక్క సరిపోయినట్టే.

అదే టికెట్ జూలైలో అయితే, విమానాలు అదే టైముకి బయల్దేరినా డాలస్‌లో దిగేది రాత్రి 10:00కి. ప్రయాణం పెరగలేదు, అక్కడి గడియారం జరిగింది, అంతే.

6. తేదీ చూడండి

టికెట్ మీద దిగే టైము పక్కన చిన్న అక్షరాల్లో "+1" అనో "+2" అనో ఉంటుంది. కళ్లజోడు లేకపోతే కనిపించదు కూడా. బయల్దేరిన తేదీకి ఒకరోజు లేదా రెండు రోజుల తర్వాత దిగుతారని దాని అర్థం. అమెరికా నుంచి తిరుగు ప్రయాణంలో ఇది తప్పకుండా ఉంటుంది. డాలస్‌లో జనవరి 10న ఉదయం 11:30కి బయల్దేరి, దుబాయ్‌లో పది గంటలు ఆగి, హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3:00కి దిగితే, ఆ 3:00 జనవరి 12వ తేదీది. ప్రయాణం 28 గంటలే, తేదీలు మాత్రం రెండు మారాయి. ఇక్కడ కారు మాట్లాడేవాళ్లు 11వ తేదీకి మాట్లాడేస్తుంటారు.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. హైదరాబాద్ నుంచి చాలా అంతర్జాతీయ విమానాలు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్ మీద "15వ తేదీ 00:40" అని ఉంటే, మీరు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి. 15వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరితే విమానం వెళ్లిపోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి తేదీ ఒక్కటే చెప్పకండి. "మంగళవారం రాత్రి భోజనం కాగానే బయల్దేరాలి" అని వారం పేరుతో, పూటతో కలిపి చెప్పండి.

7. మధ్యలో ఆగే టైము సరిపోతుందా?

ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉంటే, దుబాయ్, దోహా లాంటి చోట్ల రెండు నుంచి నాలుగు గంటలు హాయిగా సరిపోతుంది. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లయితే మూడు గంటలకు తగ్గకుండా చూడండి. వీల్‌చైర్ అడిగితే మనిషి తోడు వస్తాడు, కానీ ఆ మనిషి కోసం కాసేపు ఆగాలి.

విడివిడిగా రెండు టికెట్లు కొంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు. డబ్బు మిగులుతుందని అలా కొంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు పెట్టుకోండి.

అమెరికాలోనే ఇంకో విమానం మారేటట్టయితే, మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది, మామూలుగా లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ రెండు గంటల లోపు లేఓవర్ పెట్టుకోకండి. అబుదాబి మీదుగా వెళ్తే మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అందుకని ఆ ఆగే టైము అక్కడే ఎక్కువ ఉండాలి.

"నాన్‌స్టాప్", "డైరెక్ట్" ఒకటే అనుకోవద్దు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే విమానం నంబర్ మారదు కానీ మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.

8. ఇంటి నుంచి ఇంటికి

ఇప్పుడు మిగతావి కలపండి. ఎయిర్‌పోర్ట్‌కి మూడు గంటల ముందు చేరాలి; చాలా ఎయిర్‌లైన్లు విమానానికి గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి. విజయవాడ నుంచి శంషాబాద్‌కి రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు, మధ్యలో టీ కోసం ఆగితే ఐదు గంటల పైనే. పండగ రోజుల్లో టోల్ గేట్ల దగ్గర ఇంకా. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. అందుకే దుబాయ్‌కి విమానం నాలుగు గంటలే అయినా, ఊరి నుంచి గదికి చేరేసరికి పద్నాలుగు గంటలు అవడం మామూలే.

లెక్క సరైనదేనా? ఇలా చెక్ చేసుకోండి

ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో ప్రతి విమానం పక్కన "డ్యూరేషన్" రాసి ఉంటుంది. మీ 5వ మెట్టు లెక్క దానితో నిమిషంతో సహా కలవాలి. కలవకపోతే తేడా ఎంతో చూడండి. సరిగ్గా గంట తేడా ఉంటే వేసవి గడియారం మర్చిపోయారు. 24 గంటలైతే తేదీ తప్పింది. గంటన్నర రెట్టింపయి మూడు గంటల తేడా వస్తే కలపాల్సిన చోట తీసేశారు.

ఆ విమానం నిజంగా ఎంతసేపు ఎగురుతోందో చూడాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్‌లో విమానం నంబర్ కొట్టి, గత వారం రోజుల రికార్డు చూడండి. అక్కడ కనిపించేది గాల్లో ఉన్న సమయం. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటు దాకా. అందుకే టికెట్ సమయమే అరగంట దాకా ఎక్కువ కనిపిస్తుంది. అది తప్పు కాదు.

రిసీవ్ చేసుకోవడానికి వెళ్లేవాళ్లకి ఒక సంగతి. విమానం దిగిన టైముకి ఎయిర్‌పోర్ట్ బయట కారులో ఉండాల్సిన పని లేదు. డాలస్‌లో ఇమిగ్రేషన్ లైను, లగేజీ అయ్యి పెద్దవాళ్లు బయటికి వచ్చేసరికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఫోన్‌లో "ల్యాండెడ్" అని చూశాక ఇంట్లో బయల్దేరినా, ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న ఇర్వింగ్ నుంచి అయితే హాయిగా అందుకుంటారు. కాస్త దూరంగా ఉన్న ఫ్రిస్కో నుంచి వచ్చేవాళ్లు మాత్రం విమానం దిగడానికి కాస్త ముందే బయల్దేరండి.